తాళం చెవి

లాండ్రీ వెనక ఇల్లు,
సోమవారం.

ఆర్గన్ మాస్టారికి,

నీ కవరు అందింది. విప్పితే అందులో ఉత్తరం లేదు, అట్టముక్క ఉంది. దాని మీద బంగారు అక్షరాలు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పైకి అనుకుంటూ చదివేవాణ్ణి నేను. నా బోటివాడికి బంగారు అక్షరాలు పంపకూడదు. వేలు పెడితే మెరుపు వేలికి అంటుకుంటుంది గానీ అర్థం బుర్రకి అంటదు. కిటికీ దగ్గర నిలబడి మొత్తానికి లాగించాను. "ఎవరిదండీ పెళ్లి?" అంది మీ అక్క. పెళ్లి కాదే, పెట్టెకి సన్మానం అన్నాను.

పాత యంత్రనాద ప్రియుల సంఘమట. ఒకప్పుడు హోటలు డాన్సు హాల్లో మోగిన అపురూపమైన డ్రమ్ మెషిన్ దొరికిందట. దాన్ని స్టేజీ ఎక్కించి దాని పక్కన నీ చేత ఆర్గన్ వాయింపిస్తారట. పెట్టె బొమ్మ కూడా వేశారు. వెయ్యక్కర్లేదు. పక్కన పసుపు మీట ఉన్న ఆ చెక్కపెట్టెని నేను చీకట్లో తడిమి కూడా చెప్పగలను. నా కుర్చీలో కూర్చున్నది అదే కదా.

నువ్వు మర్చిపోయి ఉంటావు, నేను గుర్తు చేస్తాను. ఆ హాల్లో నీది ఆర్గన్, నాది డ్రమ్ములు. ఒక సాయంత్రం పనికి వెళ్లేసరికి నా డ్రమ్ములు వరండాలో ఉన్నాయి, నా చోట ఈ పెట్టె ఉంది. మేనేజరు మీట నొక్కాడు. అది టుప్పు టుప్పు అంది. "చూశావా, దీనికి ఆకలి వెయ్యదు, జ్వరం రాదు" అన్నాడు. నన్ను అదే హోటలు పెరట్లో తివాచీలు దులిపే పనిలో వేశాడు. "కొట్టడం వచ్చుగా, కొట్టు" అన్నాడు. లోపల నువ్వూ నీ కొత్త బావా, బయట నేనూ తివాచీలూ. ఆ సాయంత్రం నువ్వు ఒక్క తప్పు కూడా లేకుండా వాయించావు. అదే నాకు గుచ్చుకుంది. ఒక్క తప్పు వాయిస్తే నీ సొమ్మేం పోయిందిరా?

ఆ పెట్టె మోగే గదిలో నేను కాలు పెట్టను. ఇది ఆ రోజు అన్న మాట, ఈ రోజుకీ అదే.

ఇంకొకటి. మీ అక్క ఫోన్ చేస్తే "హలో హలో, సిగ్నల్ లేదు" అని పెట్టేస్తున్నావట. మా ఇంటికి గోడ దూకి వచ్చే సిగ్నల్ నీ మేడ మెట్లు ఎక్కలేకపోతోందా? అంత పెద్దవాడివి అయ్యావా?

నీ పాత బావ.


సంగీత పరికరాల షాపు, పైగది,
గురువారం.

గౌరవనీయులైన బావగారికి,

మీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వాను, తర్వాత చాలాసేపు నవ్వలేదు. ఫోన్ సంగతి వదిలెయ్యండి. మంచి మాటలు కాగితం మీదే నిలుస్తాయని ఈ మధ్య నాకు అనిపిస్తోంది.

ఈ సంఘం పెద్ద ఒక పళ్ల డాక్టరు. హోటలు సామాను పాతసామాన్లవాడి దగ్గరికి వెళ్లినప్పుడు పెట్టెని ఆయనే కొన్నాడు. అందులో అంటించి ఉన్న ఫోటోలో నా మొహం చూసి, ఊరంతా వెతికి నన్ను పట్టుకున్నాడు. ఆయన ఇంట్లో నలభై దాకా పాత సింథసైజర్లున్నాయి. పాట మాత్రం ఒక్కటీ లేదు. ఒక మీట నొక్కుతాడు. "భోం" అంటుంది. కళ్లు మూసుకుంటాడు. పక్కనున్నవాళ్లూ మూసుకుంటారు. "ఎంత వెచ్చగా ఉందో!" అంటాడు ఒకాయన. "అనలాగ్ కదా!" అంటాడు ఇంకొకాయన. తర్వాత కాఫీ ఇస్తారు. అది మాత్రం చల్లగా ఉంటుంది.

పెట్టెని తెల్ల చేతితొడుగులతోనే ముట్టుకుంటారు. నేను అలవాటుగా జేబురుమాలుతో తుడవబోతే నలుగురూ ఒక్కసారి "మాస్టారూ!" అని అరిచారు. అది అసలు దుమ్మట. తుడిస్తే విలువ పోతుందట. డాక్టరు చిన్న అద్దం పెట్టి ఒక్కో మీటనీ పన్ను చూసినట్టు చూస్తాడు. మరమేకులు ఏ యేడాదివన్న దాని మీద ఇద్దరు సభ్యులకి మాటల్లేవు. మనిద్దరికీ మాటల్లేకపోవడానికి కనీసం పెట్టెంత కారణం ఉంది, వాళ్లకి మరమేకు ఒక్కటే!

మీరు కోపంగా ఉన్నారు. కానీ ఒక్క నిజం ఒప్పుకోండి బావగారూ. వంటగదిలోంచి వాసన వస్తే మీ తాళం పరుగెత్తేది. ఆఖరి పాటకి డాన్సు చేసేవాళ్లు రొప్పేవారు. ఆ పెట్టె అలా పరుగెత్తలేదు. నేను దాని గురించి చెప్పగలిగిన మంచి అదొక్కటే.

నేను ఈ పైగదిలో ఉంటూ, అద్దెకి బదులు కింద షాపులో పిల్లలకి కీబోర్డు పాఠాలు చెబుతున్నాను. షాపు ఓనరు ఆ సాయంత్రం మొదటి వరసలో కూర్చుంటాడు. అందుకే ఈ వాయింపు బాగా రావాలి. మీ పెద్ద డ్రమ్ము ఇంకా ఉందా? ఊరికే అడుగుతున్నాను.

చివరగా ఒక చిన్న మాట. తాళం చెవి పోయింది. ఎప్పుడు పోయిందో కూడా సరిగ్గా తెలియలేదు. ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను. ఓనరుకి తెలిస్తే ఈ గదిలో ఉండనివ్వడు.

అక్కకి నమస్కారాలు.

మీ బావమరిది.


లాండ్రీ వెనక ఇల్లు,
ఆదివారం.

ఆర్గన్ మాస్టారికి,

ఈసారి నీ ఉత్తరం పొడుగ్గా ఉందని మా అమ్మాయి చేత చదివించాను. అది టీచరు కదా, గుక్క తిప్పుకోకుండా రైలుబండిలా చదివేసింది. మీ అక్క కాఫీ సంగతి విని, "పాపం, వాడికి వేడి కాఫీ ఇచ్చే దిక్కు లేదు" అంది. దానికి నీ ఉత్తరంలో వినిపించింది అదొక్కటే.

దుమ్ముకి సన్మానం చేసేవాళ్లున్నారని ఇప్పుడే వింటున్నాను. జన్మంతా దులిపి పారేశానే! మూట కట్టి ఉంచితే ఈపాటికి నేను కూడా పళ్ల డాక్టరు ఇంట్లో గాజు బీరువాలో ఉండేవాణ్ణి.

నా తాళం పరుగెత్తేదంటావా? పరుగెత్తేది. ఆకలేసినవాడు పరుగెత్తడా? డాన్సు చేసేవాళ్లకి కూడా ఆకలేసేది, వాళ్లూ నాతో పరుగెత్తి భోజనాలకి చేరేవాళ్లు. నీ కొత్త బావ వచ్చాక జనం హాల్లో అరిగిపోయిన చెప్పుల్లా ఈడ్చుకుంటూ తిరిగారు. పెరట్లోంచి కిటికీలో నేను చూడలేదనుకున్నావా?

పెద్ద డ్రమ్ము ఉంది. దాని మీద మీ అక్క ఉతికిన బట్టల మూటలు పెడుతుంది. తోలు బిగువుగానే ఉంది. పిల్లి దూకినప్పుడల్లా ధభీమంటుంది. నువ్వు ఊరికే అడిగావు, నేనూ ఊరికే చెప్పాను.

ఇక తాళంచెవి. సిగ్గు లేదట్రా! తాళంచెవి పోతే తాళాలు బాగుచేసేవాణ్ణి పిలుస్తారు. బావకి ఉత్తరం రాస్తారా? దానికే గదిలోంచి వెళ్లగొట్టే ఓనరయితే వాడి గది వాడి మొహాన కొట్టు. మీ అక్క ఊరుకోక మా ఇంట్లో ఉన్న పాత తాళంచెవులన్నీ గుత్తి కట్టి దీంతోపాటు పంపుతోంది. పోస్టాఫీసు గుమాస్తా కవరు ఊపి చూసి "ఏంటిది, వాయిద్యమా?" అని అడుగుతాడు, చూస్తూ ఉండు. ఏదో ఒకటి పట్టకపోదు. పట్టకపోతే తలుపు తన్ను.

సన్మానానికి నేను రాను.

నీ పాత బావ.


షాపు పైగది,
బుధవారం.

బావగారికి,

గుత్తి అందింది. ఇరవయ్యో ముప్ఫయ్యో ఉన్నాయి. అన్నీ చూశాను. ఏదీ పట్టదు. పట్టేది కాదు.

ఒక్క సాయం చెయ్యండి. నా వెనకటి ఉత్తరం అమ్మాయి చేత కాకుండా మీరే చదవండి, మీ పద్ధతిలో, వేలు పెట్టి. చివర ఆ మాట దగ్గర నేను కొంచెం ఖాళీ వదిలాను. అమ్మాయి చదువుకున్నది, అది ఖాళీలు దాటేస్తుంది. మీరు దాటరు.

మీ బావమరిది.


లాండ్రీ వెనక ఇల్లు,
శుక్రవారం.

ఒరే,

చదివాను. కిటికీ దగ్గర నిలబడి, వేలు పెట్టి. తాళం. తర్వాత ఖాళీ, నా వేలు పట్టేంత. తర్వాత చెవి.

మళ్లీ చదివాను. అప్పుడు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

తాళం వినే చెవి పోయిందంటావు. సిగ్నల్ లేదన్నది ఫోన్లో కాదన్నమాట. మేము ఇక్కడ కూర్చుని నీకు తాళంచెవులు పంపాం! చెవిటివాడికి గుత్తి గలగలలాడించి పంపిన మహానుభావులం. మీ అక్కకి చెప్పాను. దాచు అని నువ్వు రాయలేదు. రాసినా నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. అది చేతిలో ఉన్న తడిబట్ట పక్కన పెట్టింది. తర్వాత "ఆ మాయదారి పెట్టె పక్కన అన్నేళ్లు కూర్చోబెట్టారు, చెవి పోక ఏమవుతుంది?" అని లేచి డ్రమ్ము మీద మూటలు దించేసింది. నన్నేమీ అడగలేదు. దించేసింది, అంతే.

తిట్టడానికి బోలెడుంది. కలిసినప్పుడు తిడతాను. వినపడదు కాబట్టి నా మొహం చూస్తూ ఉండు, అర్థమవుతుంది.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నీ వేళ్లకి పాటలన్నీ వచ్చు, వాటికి చెవి అక్కర్లేదు. తాళం ఒక్కటే కావాలి. ఆ పెట్టె చప్పుడు దోమ చప్పుడు, అది నేలలోకి దిగదు. నా పెద్ద డ్రమ్ము చప్పుడు దిగుతుంది. స్టేజీ చెక్కదేనా? చెక్కదయితే వెనక తెర చాటున నేను కూర్చుని పెడలు తొక్కుతాను. నువ్వు బూట్లు విప్పి వట్టి కాళ్లతో కూర్చో. అరికాలికి చెవి ఉంది. పెరట్లో తివాచీ కొడుతుంటే గోడ అవతల నిద్రపోయే కుక్క లేచేది, అది చెవులతో కాదు.

డాక్టరు అడిగితే వట్టి కాళ్లతో వాయిస్తే నాదం భూమిలోంచి వస్తుందని చెప్పు. వాళ్లు నమ్ముతారు. రేపటినుంచి వాళ్లే బూట్లు విప్పుతారు.

నా షరతులు రెండే. నా పేరు ఎక్కడా రాకూడదు. ఆ పెట్టె వైపు నేను చూడను. దాని తాళానికే నా కాలు కలపాలి కాబట్టి వింటాను. జీవితంలో దేని వెనకా నడవనివాణ్ణి, ఒక చెక్కపెట్టె వెనక నడుస్తాను. ఇది నీకోసమని అనుకోకు. మీ అక్క మూటలు దించేసింది, మళ్లీ ఎక్కించమనడానికి నాకు ధైర్యం లేదు.

బావ.


షాపు పైగది,
మంగళవారం.

బావా,

ఇక "గారు" రాయడం నావల్ల కాదు. వట్టి కాళ్ల కింద నీ పెడలు తెలిసినవాడు "గారు" అని ఎలా రాస్తాడు?

నువ్వు డ్రమ్ము బండిలో వేసుకుని చెప్పకుండా వెళ్లిపోయావు. నేను వెనక్కి తిరిగేసరికి తెర వెనక కుర్చీ ఒక్కటే ఉంది. ఆ సాయంత్రం ఏం జరిగిందో నువ్వే చెప్పాలి. అక్కడ ఉండి కూడా విననివాణ్ణి నేనొక్కణ్ణే. మొదట నా కాళ్లకి ఏమీ అందలేదు. అంతలో కింద చెక్క ఒకసారి కదిలింది. ఇంకోసారి. బావా, ఎప్పుడో మూసేసిన కిటికీ ఎవరో బయటినుంచి తెరిచినట్టయింది. మధ్యలో ఎక్కడో ఆ కదలిక మారింది. ఇంకా బరువుగా, ఇంకా దగ్గరగా అయింది. ఆఖరి పాటకి పరుగెత్తింది కూడా. అప్పుడు తెలిసింది, తెర అవతల పకోడీలో ఏవో వేయించడం మొదలుపెట్టారని! నేను వాయిస్తూ నవ్వాను. అందరూ అది పారవశ్యం అనుకున్నారు.

జనం లేచి నిలబడ్డారు. డాక్టరు నా చేతులు పట్టుకుని ఏదో చాలాసేపు చెప్పాడు. ఒకరిద్దరు ఎదురుగా మాట్లాడితే పెదాలు చూసి పట్టుకుంటాను గానీ ఆ గుంపులో అదీ కుదరలేదు, తల ఊపుతూనే ఉన్నాను.

ఇది విను. మర్నాడు డాక్టరు తొడుగులు వేసుకుని, పెట్టె వెనక పలక విప్పాడట. లోపల ఫ్యూజు కాలిపోయి ఉందట. రెండో పాట మధ్యలో ఒక చిన్న కమురు వాసన వచ్చిందని, దాన్ని తాను "పాతకాలపు పరిమళం" అనుకున్నానని ఒక సభ్యుడు సాక్ష్యం చెప్పాడు. అంటే సగం నుంచీ పెట్టెకి కరెంటే లేదు. మరి చివరిదాకా మోగిందెలా? సంఘం అత్యవసరంగా సమావేశమై తేల్చింది. కెపాసిటర్లలో ఇన్నేళ్లుగా నిలవ ఉన్న కరెంటుతో మోగిందట. ఫ్యూజు అడ్డు తొలగడం వల్లే నాదానికి అంత ప్రాణం వచ్చిందట. కరపత్రం కూడా వేశారు, నాకో ప్రతి పంపారు: "ఆఖరి పాటలో యంత్రం తనంతట తాను వేగం పెంచింది. వేడెక్కిన ట్రాన్సిస్టర్ల భావోద్వేగం." ఇప్పుడు సభ్యులంతా తమ ఇళ్లలో పెట్టెల ఫ్యూజులు పీకి, చుట్టూ కూర్చుని, కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నారట. ఇద్దరికి లీలగా వినిపించింది కూడా.

నవ్వు అయిపోయింది కాబట్టి అసలు సంగతి రాస్తాను. ఓనరు పొంగిపోయాడు. పిల్లలు వరస కట్టారు. ఇక రోజూ పాఠాలట, సాయంత్రం నాలుగు నుంచి. ఒక్కో పిల్ల కీబోర్డు మీద చేతులు పెట్టి నా మొహంలోకి చూస్తుంది, తాళం చెప్తానని. నేనేం చెప్పను? ఇన్నాళ్లూ గోడ మీద గడియారం ముల్లు చూస్తూ నెట్టుకొచ్చాను. ఒక్కడో ఇద్దరో పిల్లలయితే చెల్లింది. ఇక చెల్లదు. ఈ వారంలో ఓనరుకి నేనే చెప్పి గది వదిలేద్దామనుకుంటున్నాను. ఎక్కడికన్నది ఇంకా ఆలోచించలేదు.

ఆ రోజు హోటల్లో నేను ఒక్క తప్పు కూడా లేకుండా వాయించానన్నావు. నిజమే. లేచి నీ వెంట పెరట్లోకి వచ్చి ఉండాల్సింది. రెండు కర్రలు ఉండేవి కదా అక్కడ.

బావమరిది.


లాండ్రీ వెనక ఇల్లు,
గురువారం.

ఒరే బావమరిదీ,

అడిగావు కాబట్టి చెబుతున్నాను, ఒక్కసారే చెబుతాను.

మొదటి పాటంతా దాని వెనకే నడిచాను. టుప్పంటే తొక్కాను. తల వంచుకుని తొక్కాను, కొత్తకోడలిలాగా. రెండో పాట సగంలో అది టు అంది, ప్పు అనలేదు. చూడనన్నాను గానీ తెర కంతలోంచి చూశాను. పెట్టె మీది దీపం ఆరిపోయింది. హాలంతా మనుషులున్నారు, ఒక్కడూ చూడలేదు. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు! అంత డబ్బు పోసి కొన్న పెట్టె కళ్ల ముందు చస్తే చూసే దిక్కు లేదు దానికి. ఒక్క క్షణం నాకే జాలేసింది. మేనేజరు దాన్ని కూడా మోసం చేశాడు, జ్వరం రాదని చెప్పి.

నీ వేళ్లు మాత్రం ఆగలేదు, ఎందుకంటే నా కాలు ఆగలేదు. టిక్కుటిక్కు కూడా కావాలి కదా, పక్కనున్న చెక్క కుర్చీ మీద పుల్లతో అది కూడా వేశాను. అప్పుడే నా తెర పక్కన నిలబడ్డ డాక్టరు "ఆహా, ఇప్పుడు వేడెక్కింది చూడండి" అన్నాడు. వేడెక్కింది నా మోకాలు.

పకోడీల మాట నిజం. బాగున్నాయి.

చప్పట్లు అయ్యాక డాక్టరు తెర ఇవతలికి వచ్చి నన్నూ డ్రమ్మునీ చూశాడు. "మీరెవరు?" అన్నాడు. నాలుక చివర దాకా వచ్చిందిరా. మీ పెట్టె సగంలోనే చచ్చింది, మిగతా సగం నేనే అని. అంటే "ఎందుకు తెర వెనక?" అంటాడు. దానికి జవాబు నీ చెవి. ఓనరు అక్కడే నిలబడి పకోడీ తింటున్నాడు. అందుకని "మాస్టారి బావని, తివాచీలు దులుపుతాను" అన్నాను. "మరి ఈ డ్రమ్ము?" అన్నాడు. "మా ఆవిడ బట్టలు పెడుతుంది" అన్నాను. రెండూ నిజాలే. ఆయన తెరకున్న దుమ్ము చూసి, "ఇది మాత్రం దులపకండి" అని చెప్పి వెళ్లిపోయాడు. నా నోట్లో మొదటిసారి నువ్వుగింజ నానింది. చేదుగా ఉంటుందనుకున్నాను. లేదు.

గది వదిలేస్తానని రాశావు. వదిలితే కాళ్లు విరగ్గొడతాను. ఆ తర్వాత ఏ కాళ్లతో వింటావు?

నీ గది నేల చెక్కదేనని మీ అక్క అంటోంది. ఆ గదిలో దిగిన కొత్తలో, నేల చెక్కల కింద ఎలుక తిరుగుతోందని నువ్వు రాసిన ఉత్తరం దానికి గుర్తుంది. డ్రమ్ము బండి ఎక్కించాను, ఈ ఉత్తరం బండివాడే తెస్తాడు. మధ్యాహ్నానికి వస్తుంది, దాని వెనకే నేను వస్తున్నాను. నేను వచ్చాక పాఠాలు పైగదిలో చెప్పు. ఓనరు అడిగితే, మా బావకి ఇంట్లో పోరు, సాయంత్రాలు ఇక్కడ కూర్చుంటాడు, ఒక కాలు ఊరికే ఆడిస్తుంటాడు అని చెప్పు. పోరు సంగతి ఎవరైనా నమ్ముతారు. మీ అక్క కూడా ఒప్పుకుంది. వేడి కాఫీ ఫ్లాస్కులో పోసి ఇస్తోంది, నీకట. నాకు చల్లదే.

నాలుగింటికల్లా అక్కడుంటాను. తలుపు కొడితే నీకు వినపడదు, కాబట్టి తీసే ఉంచు. తాళం వెయ్యకు.

తాళం నేను వేస్తాను.

బావ.